రెండు పోర్టులను కలిపే ముందు ఒక్కొక్క పోర్టునూ ఎలా పరీక్షించాలి?

“సర్వర్‌కు రెండో కేబుల్ కూడా వేసి రెండింటినీ కలిపాం సార్. అప్పటి నుంచి కొందరికి బాగానే వస్తోంది, కొందరికి ఆగి ఆగి వస్తోంది. స్విచ్ మార్చాలా?”

హనుమకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్, ఎక్కడి నుంచి ఫోను వచ్చినా మాట దాదాపు ఇదే. స్విచ్ జోలికి వెళ్లకముందు పోర్టులను చూడండి. నేను చూసిన వాటిలో చాలాచోట్ల, కలిపిన రెండు పోర్టుల్లో ఒకటి ముందునుంచే జబ్బుతో ఉంది. విడిగా ఉన్నన్నాళ్లూ ఆ జబ్బు అందరికీ కనిపించేది. కలిపాక పక్క పోర్టు చాటున దాక్కుంది.

ఎలా దాక్కుంటుందో తెలిస్తే మిగతాదంతా సులభం. ఇలా రెండు కేబుళ్లను ఒకే దారిగా కలపడాన్ని లింక్ అగ్రిగేషన్ అంటారు. అందులో స్విచ్ ప్రతి ప్యాకెట్‌నూ చెరో కేబుల్‌కు పంచదు. పంపేవారి, అందుకునేవారి చిరునామాలను బట్టి లెక్క కట్టి, ఒక జంట మధ్య నడిచే మాటలన్నిటినీ ఒకే కేబుల్ మీదికి పంపుతుంది. లెక్కలో చెడ్డ కేబుల్ మీద పడ్డ కంప్యూటర్‌కు రోజూ అదే బాధ. పక్క సీటు వారికి ఏ ఇబ్బందీ ఉండదు. లైటు వెలుగుతున్నంత వరకు స్విచ్‌కు కూడా ఆ కేబుల్ మంచిదే. థియరీ ఇంతే, ఇక చెప్పను.

హనుమకొండలో ఒక స్కానింగ్ కేంద్రంలో నేనే ఇలా దెబ్బతిన్నాను. రిపోర్టులు రాసే గదిలో మూడు కంప్యూటర్లు ఉంటే రెండింటిలో బొమ్మలు వెంటనే తెరుచుకుంటున్నాయి, మూడోదాంట్లో సగం వచ్చి ఆగుతున్నాయి. ఆ మూడోదాన్ని ఫార్మాట్ చేయించాను. సర్వర్ డిస్కును అనుమానించాను. సగం రోజు పోయాక దొరికింది: సర్వర్ వైపు రెండో కేబుల్ కొనలో ఒక పిన్ను సగమే దిగిన కనెక్టర్. కలిపే ముందు ఒక్కో పోర్టుకు పది నిమిషాలు కేటాయించి ఉంటే ఆ సగం రోజు మిగిలేది.

దగ్గర ఉంచుకోవలసినవి

గిగాబిట్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్. పోర్టు లేకపోతే యూఎస్‌బీ 3 అడాప్టర్ చాలు. పాత యూఎస్‌బీ 2 అడాప్టర్ వద్దు, దాని వేగం గిగాబిట్‌లో సగానికి కూడా చేరదు, మీరేమో పోర్టును తిట్టుకుంటారు. రెండు ముక్కలుగా ఉండే మామూలు కేబుల్ టెస్టర్. బాగా పనిచేస్తుందని ముందే తేలిన ప్యాచ్ కార్డ్ (రెండు కొనలకూ కనెక్టర్ ఉన్న పొట్టి కేబుల్) ఒకటి. దాన్ని ఎవరికీ ఇవ్వకండి. లైను వేగాన్ని కొలిచే ఐపర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం, రెండు కంప్యూటర్లలో. స్విచ్ అడ్మిన్ పాస్‌వర్డ్, వీలైతే కన్సోల్ కేబుల్ (నెట్‌వర్క్ పోయినా స్విచ్‌లోకి నేరుగా వెళ్లేది). చిన్న టార్చి, స్టిక్కర్లు, ఒక తెల్ల కాగితం.

సమయం కూడా ఒక పరికరమే. ఆస్పత్రి అయితే ఓపీ ముగిశాక, కాలేజీ అయితే ఆదివారం పెట్టుకోండి. పని వేళల్లో కేబుళ్లు లాగవద్దు.

1. మీ స్విచ్‌కు ఈ పని వచ్చా?

అడ్మిన్ పేజీ తెరుచుకోని స్విచ్ అయితే ఈ పని ఇక్కడితో ఆగింది. రెండు కేబుళ్లు పెట్టినా అది కలపలేదు. పైగా స్విచ్‌కూ స్విచ్‌కూ మధ్య రెండు కేబుళ్లు వేస్తే లూప్ ఏర్పడి, అంటే ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూనే ఉండి, ఆఫీసంతా నిలిచిపోతుంది. అలాంటిచోట సర్వర్ వైపు మాత్రమే చేయగలిగే మార్గం ఒకటుంది: లినక్స్‌లోనూ చాలా స్టోరేజ్ పెట్టెల్లోనూ ఉండే యాక్టివ్-బ్యాకప్ పద్ధతి. వేగం పెరగదు, కానీ ఒక కేబుల్ పోతే రెండోది అందుకుంటుంది. చిన్న ఆఫీసుకు చాలాసార్లు కావలసింది అదే.

అడ్మిన్ పేజీ ఉంటే పేర్ల గందరగోళం మొదలవుతుంది. సిస్కోలో ఇది ఈథర్‌చానల్ లేదా పోర్ట్ చానల్. చాలా చిన్న స్విచ్‌లలో ల్యాగ్. లినక్స్, మైక్రోటిక్‌లలో బాండింగ్. విండోస్ సర్వర్‌లో టీమింగ్. హెచ్‌పీ పాత ప్రోకర్వ్ స్విచ్‌లలో దీన్నే ట్రంక్ అంటారు. సిస్కోలో ట్రంక్ అంటే అనేక వీలాన్‌లను (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లను) మోసే పోర్టు. రెండు కంపెనీల స్విచ్‌లను జత చేసేవారు ఈ ఒక్క మాట దగ్గరే బోల్తా పడతారు. 802.3ఏడీ, 802.1ఏఎక్స్, ఎల్‌ఏసీపీ (రెండు వైపుల పరికరాలూ మాట్లాడుకుని పోర్టులను కలిపే పద్ధతి) అన్న మాటల్లో ఏది కనిపించినా మీకు కావలసింది అదే. 2000లో వచ్చిన ప్రమాణాన్ని 2008లో వేరే నంబరు కిందికి మార్చారు, అంతే తేడా.

ఇంకొకటి. రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లోకి రావాలి. రెండు వేర్వేరు స్విచ్‌లలోకి పెట్టాలంటే అవి స్టాక్‌గా (ఒకే స్విచ్‌లా పనిచేసేలా) ముడిపడి ఉండాలి, లేదా అందుకోసమే చేసిన ప్రత్యేక సౌకర్యం వాటిలో ఉండాలి.

2. కాగితం మీద గీయండి

పోర్టు నంబరు, అవతలి కొన ఎక్కడ, వేగం, డ్యూప్లెక్స్ (ఒకేసారి రెండు దిశల్లో నడిస్తే ఫుల్, వంతులవారీగా అయితే హాఫ్), వీలాన్, తప్పుల లెక్క. ఆరు గడులు చాలు. స్విచ్‌లో ఇప్పుడున్న సెట్టింగులను ఒక ఫైలుగా దింపి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి ఇదొక్కటే.

3. కళ్లతో చూడండి

టార్చి వేసి పోర్టు లోపల చూడండి. ఎనిమిది పిన్నులూ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి లోపలికి నొక్కుకుపోయి ఉంటే ఆ పోర్టును వదిలేయండి. సూదితో పైకి లేపే ప్రయత్నం పక్క పిన్నును కూడా తీసుకుపోతుంది. కనెక్టర్ కొక్కెం విరిగి ఉంటే, కేబుల్ ఎంత మంచిదైనా ఆ కొన కోసి కొత్తది వేయండి. విరిగిన కొక్కెంతో పెట్టిన కేబుల్ ర్యాక్ తలుపు మూసినప్పుడల్లా కదులుతుంది.

దుమ్ము సంగతి మన వరంగల్‌లో వేరుగా చెప్పాలి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి సీజన్‌లో పనిచేసినవారికి తెలుసు, అక్కడి స్విచ్ మూత తీస్తే ముందు తుమ్ములే. ఖాళీ పోర్టుల్లో ఎర్రటి పొడి పేరుకుని ఉంటుంది. కలపడానికి మనం ఎంచుకునేది సరిగ్గా అలాంటి ఖాళీ పోర్టునే, ఎందుకంటే ఇన్నాళ్లూ ఎవరూ వాడలేదు. కరెంటు తీసి, చేతి బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరచిపోవద్దు.

4. ఏ కేబుల్ ఎక్కడికి వెళుతోందో తేల్చండి

స్టిక్కర్‌ను నమ్మకండి. రెండు మేనేజర్ల క్రితం వేసిన స్టిక్కర్ అది. సర్వర్ వైపు కేబుల్ ఒకటి తీయండి, స్విచ్‌లో ఏ లైటు ఆరిందో చూడండి, కాగితం మీద రాయండి, కొత్త స్టిక్కర్ రెండు కొనలకూ వేయండి. తీయడానికి వీల్లేని కేబుల్ అయితే స్విచ్‌లోని మ్యాక్ చిరునామాల (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే సొంత చిరునామా) పట్టికలో సర్వర్ కార్డు చిరునామా ఏ పోర్టు ఎదురుగా ఉందో వెతకండి.

5. కేబుల్‌ను పరీక్షించండి

రెండు కొనలనూ పరికరాల నుంచి పూర్తిగా తీసేశాకే టెస్టర్‌కు పెట్టండి. కెమెరాలకు కరెంటు పంపే పోర్టుకు కేబుల్ తగిలి ఉండగా టెస్టర్ పెడితే టెస్టర్ కాలిపోవచ్చు.

ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లు రెండు వైపులా అదే వరుసలో వెలగాలి. నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిదిలో ఏదైనా వెలగకపోతే ఆ కేబుల్‌పై 100 మెగాబిట్లు నడుస్తాయి, గిగాబిట్ నడవదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి.

ఎనిమిది లైట్లూ వెలిగాయని సంబరపడకండి. ఇక్కడే ఎక్కువ మంది ఆగిపోతారు. ఈ చవక టెస్టర్ చెప్పేది తీగ తెగిందా లేదా అన్నదే. జతలు సరిగా ఉన్నాయా అన్నది దానికి తెలియదు. కొందరు రంగులను తమకు తోచిన వరుసలో, రెండు వైపులా ఒకేలా పెట్టి క్రింప్ చేస్తారు. టెస్టర్‌లో ఎనిమిదీ వెలుగుతాయి. కానీ మూడు, ఆరు పిన్నులకు ఒకే మెలిక జతలోని తీగలు వెళ్లాల్సింది పోయి వేర్వేరు జతల తీగలు వెళతాయి. అలాంటి కేబుల్ లోడు పడ్డప్పుడు తప్పుల మీద తప్పులు చేస్తుంది. అందుకే కనెక్టర్‌ను కళ్లతో చూడండి. కొక్కెం కిందికి ఉండేలా, తీగ దూరే రంధ్రం మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జత నీలం జతకు అటూ ఇటూ ఉండటం వింతగా అనిపిస్తుంది, కానీ అదే సరైనది.

తీగను కొద్దిగా గోకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ర్యాక్‌లోని మీటరు ముక్కకు ఏమో కానీ, సర్వర్ గది నుంచి పై అంతస్తుకు వేసే లైనుకు నేను దాన్ని వాడను. మొత్తం పొడవు, రెండు వైపులా ప్యాచ్ కార్డ్‌లు కలుపుకుని, 100 మీటర్లు దాటకూడదు.

6. ఒక్కో పోర్టుకూ వేగం, డ్యూప్లెక్స్

ఇప్పుడు కలపబోయే పోర్టుల్లో ఒక్కదానికే కేబుల్ పెట్టండి. సిస్కోలో అయితే ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’, లినక్స్ సర్వర్‌లో ‘ఇథ్‌టూల్’, విండోస్ పవర్‌షెల్‌లో ‘గెట్-నెట్‌అడాప్టర్’. 1000, ఫుల్ డ్యూప్లెక్స్ అని రావాలి. తీసి రెండోదాన్ని పెట్టండి. అక్కడా అదే రావాలి. ఒకటి 1000, మరొకటి 100 అయితే అవి ఒక గుంపులో కలవవు.

100 అని వస్తే చేయకూడని పని ఒకటుంది: స్విచ్‌లో వేగాన్ని చేత్తో 1000కి బిగించడం. రాగి కేబుల్‌పై గిగాబిట్‌కు రెండు వైపులా ఆటో (వేగాన్ని పరికరాలే మాట్లాడుకుని తేల్చుకునే తీరు) ఉండటం ప్రమాణం ప్రకారమే తప్పనిసరి. బిగించి తెచ్చిన వేగం జబ్బును కప్పిపెట్టడమే. పాత రోజుల్లో ఎవరో ఒకవైపు ‘100 ఫుల్’ అని బిగించి వదిలేసి ఉంటే అవతలి ఆటో వైపు హాఫ్ డ్యూప్లెక్స్‌కు పడిపోతుంది. రెండు వైపులా ఆటోకు మార్చి మళ్లీ చూడండి. అప్పుడూ 100 వస్తే ఐదో అంచెకు వెనక్కి వెళ్లండి.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు, పిడుగులు పడ్డాక చేస్తున్న పని అయితే మరింత జాగ్రత్త. టెర్రస్ మీది కెమెరా కేబుల్ గుండా వచ్చిన దెబ్బకు పోర్టు పూర్తిగా చచ్చిపోతే మంచిదే, తెలిసిపోతుంది. సగం చచ్చిన పోర్టు లైటు వెలిగిస్తూనే తప్పులు చేస్తుంది. అందుకే కెమెరా పోర్టులకు పక్కనున్న వాటిని నేను కలపడానికి ఎంచుకోను.

ఫైబర్ అయితే రెండు పోర్టుల్లోనూ ఒకే రకం మాడ్యూల్ పెట్టండి, కొనలు శుభ్రం చేయండి. మిగతా అంచెలు అవే.

7. లోడు పెట్టి, తప్పుల లెక్క చూడండి

ఈ వ్యాసంలో ఒక్క అంచె మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

ముందుగా ఆ పోర్టు పాత లెక్కను చెరిపేయండి. సిస్కోలో ‘క్లియర్ కౌంటర్స్’. పేజీ ద్వారా నడిచే స్విచ్‌లలో పోర్ట్ స్టాటిస్టిక్స్ దగ్గర క్లియర్ లేదా రీసెట్ అన్న మీట ఉంటుంది. స్విచ్ రెండేళ్లుగా నడుస్తుంటే పాత తప్పులు వేలల్లో ఉండవచ్చు. అవి ఎప్పటివో తెలియదు. ఇప్పుడు పెరుగుతున్నాయా అన్నదే ప్రశ్న.

సర్వర్‌లో ఐపర్ఫ్3ని సర్వర్‌గా, ల్యాప్‌టాప్‌లో క్లయింట్‌గా నడపండి. ఊరకే వదిలితే అది 10 సెకన్లలో ఆగిపోతుంది. సమయాన్ని 300 సెకన్లకు పెంచండి. ఐదు నిమిషాల్లో బయటపడే తప్పు పది సెకన్లలో బయటపడకపోవచ్చు. తర్వాత రివర్స్ ఎంపికతో ఎదురు దిశలో మరో ఐదు నిమిషాలు. మంచి గిగాబిట్ లైను మీద సెకనుకు 940 మెగాబిట్ల దాకా రావాలి. ఒక దిశలో 940, రెండో దిశలో 300 వస్తే వేరే పరీక్ష అక్కరలేదు, ఆ లైను మంచిది కాదు.

ఇప్పుడు లెక్క చూడండి, రెండు వైపులా. చాలామంది స్విచ్ ఒక్కటే చూసి ‘తప్పులు సున్నా’ అంటారు. స్విచ్ లెక్కపెట్టేది తనకు చేరిన వాటిలోని తప్పులను. తను పంపినది దారిలో చెడిపోతే ఆ లెక్క సర్వర్ కార్డులో ఉంటుంది. లినక్స్‌లో ‘ఇథ్‌టూల్ -ఎస్’ (ఇంగ్లిష్ పెద్ద ఎస్) అంటే కనిపిస్తుంది.

ఎలా చదవాలి? సీఆర్‌సీ లేదా ఎఫ్‌సీఎస్ తప్పులు (దారిలో చెడిపోయి చేరిన ప్యాకెట్ల లెక్క) పెరుగుతుంటే అనుమానం కేబుల్, కనెక్టర్, పోర్టుల మీద, ఈ వరుసలోనే. లేట్ కొలిజన్లు (ప్యాకెట్లు ఆలస్యంగా ఢీకొనడం) కనిపిస్తే రెండు వైపుల డ్యూప్లెక్స్‌లో తేడా ఉన్నట్టు. అవుట్‌పుట్ డ్రాప్స్ (పంపలేక వదిలేసిన ప్యాకెట్లు) పెరిగితే భయం లేదు. వచ్చే రద్దీ పోయే దారికన్నా ఎక్కువైందని అర్థం, జబ్బు కాదు. ఈ మూడింటినీ కలిపి ‘ఎర్రర్స్’ అని ఒకే గడిలో చూపే స్విచ్‌లు ఉన్నాయి, వాటి లోపలి పేజీ తెరిచి విడివిడిగా చూడండి.

ఐదైదు నిమిషాల ఈ పరీక్షలో సీఆర్‌సీ సున్నా ఉండాలి. ‘మూడే కదా’ అని వదలకండి. తప్పులు కనిపిస్తే, పోర్టు మార్చకుండా మీ దగ్గరున్న మంచి ప్యాచ్ కార్డ్‌తో కేబుల్ మాత్రమే మార్చండి. లైను దూరమైతే ల్యాప్‌టాప్‌ను స్విచ్ దగ్గరికే తెచ్చి చూడండి. తప్పులు ఆగితే కేబుల్ దోషి. ఆగకపోతే అదే కార్డ్‌ను పక్క పోర్టులో పెట్టండి. ఒకేసారి కేబులూ పోర్టూ రెండూ మార్చేవారు సమస్యను పోగొట్టగలరు కానీ, కారణాన్ని కనుక్కోలేరు. అది మరుసటి వారం తిరిగి వస్తుంది.

ప్రతి పోర్టుకూ ఇదే చేయండి. ఒకటి చేసి మిగతావి కూడా అలాగే ఉంటాయిలే అనుకుంటే స్కానింగ్ కేంద్రంలో నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

8. సెట్టింగులు కవలల్లా ఉండాలి

కలపబోయే పోర్టులన్నిటికీ వీలాన్, యాక్సెస్ (ఒకే వీలాన్) లేదా ట్రంక్ తీరు, నేటివ్ వీలాన్ (గుర్తు లేని ప్యాకెట్లు చేరే వీలాన్), ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) ఒక్కటే కావాలి. తేడా ఉన్న పోర్టును సిస్కో స్విచ్‌లు గుంపులోంచి పక్కన పెడతాయి. పోర్ట్ సెక్యూరిటీ, ఇతర పోర్టుల ట్రాఫిక్‌ను నకలు తీసే మిర్రర్ లాంటివి పాతవి ఏమైనా మిగిలి ఉంటే తీసేయండి. పోల్చి చూసి ఒక్కొక్కటే సరిచేయడం కన్నా, పోర్టులను మొదటి స్థితికి తెచ్చి కొత్తగా రాయడం నాకు నచ్చే పద్ధతి. అయితే మీరు స్విచ్‌లోకి ఏ పోర్టు గుండా వచ్చారో ఆ పోర్టును మాత్రం ముట్టుకోకండి. అది ఎంత చిన్న తప్పో, రాత్రి 11 గంటలకు కన్సోల్ కేబుల్ కోసం నక్కలగుట్ట నుంచి మళ్లీ వెళ్లినవాడికి తెలుసు.

9. కలపండి, ఈ వరుసలో

ఒక్క కేబుల్ మాత్రమే తగిలి ఉండాలి. రెండు వైపులా ఎల్‌ఏసీపీ పెట్టండి. కనీసం ఒక వైపు యాక్టివ్ ఉండాలి, రెండు వైపులా పాసివ్ అయితే ఎవరూ ముందు పలకరించరు, గుంపు ఏర్పడదు. గుంపు లేచాక రెండో కేబుల్ పెట్టండి. ఎల్‌ఏసీపీ లేకుండా ‘ఆన్’ అని బిగించే పద్ధతి, అవతలి పరికరానికి ఎల్‌ఏసీపీ రానప్పుడే. ఆ పద్ధతిలో ఒక వైపు రాసి, రెండో వైపు రాయడం మరచిపోతే స్విచ్‌ల మధ్య లూప్ ఏర్పడవచ్చు.

వెంటనే సేవ్ చేయండి. సిస్కోలో రన్నింగ్ కాన్ఫిగ్‌ను స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేయకపోతే, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు స్విచ్ ఒక్కసారి ఆరి వెలిగితే చాలు, మీ పని అంతా పోతుంది. వేసవిలో ఇది వారం కూడా ఆగదు.

10. నిజంగా కలిసిందా?

సిస్కోలో ‘షో ఈథర్‌చానల్ సమ్మరీ’ చూడండి. గుంపు పక్కన ఎస్‌యూ, ప్రతి పోర్టు పక్కన పి ఉండాలి. ఐ అంటే ఆ పోర్టు ఒంటరిగా ఉంది, అవతలి నుంచి ఎల్‌ఏసీపీ పలుకు రాలేదు. చిన్న ఎస్ అంటే స్విచ్ పక్కన పెట్టింది, ఎనిమిదో అంచె చూడండి. డి అంటే లింకే లేదు. లినక్స్‌లో బాండింగ్ స్థితి చూపే ఫైలు తెరిస్తే రెండు కార్డులకూ అగ్రిగేటర్ ఐడీ ఒకటే ఉండాలి. పార్ట్‌నర్ మ్యాక్ చిరునామా అంతా సున్నాలైతే అవతలి స్విచ్ మీతో మాట్లాడటం లేదు.

తర్వాత పింగ్ ఆపకుండా నడుపుతూ ఒక కేబుల్ లాగండి. ఒకటి రెండు పింగ్‌లు పోతే పోనివ్వండి. తిరిగి పెట్టి, అరనిమిషం ఆగి, రెండోది లాగండి. ఈ రెండో లాగుడు చేయనివారే ఎక్కువ.

రెండు భవనాల మధ్య మీడియా కన్వర్టర్లతో (రాగి కేబుల్‌ను ఫైబర్‌కు కలిపే పెట్టెలతో) ఫైబర్ ఉంటే ఇంకో చిక్కు. మధ్యలో ఫైబర్ తెగినా స్విచ్ దగ్గరి రాగి ముక్కకు లైటు వెలుగుతూనే ఉండవచ్చు. అప్పుడు ఎల్‌ఏసీపీ పలుకు ఆగిందని గ్రహించాకే ఆ దారి మూసుకుంటుంది. స్లో పద్ధతిలో 30 సెకన్లకొక పలుకు, మూడు తప్పితే కానీ కదలదు, అంటే 90 సెకన్లు. ఫాస్ట్‌కు మారిస్తే మూడు సెకన్లు. కన్వర్టర్లు ఉన్నచోట ఫాస్ట్ పెట్టండి, లాగి చూసేటప్పుడు ఫైబర్‌నే లాగండి.

వేగం గురించి ఫోన్లు ఇక్కడ మొదలవుతాయి. ఒక కంప్యూటర్ నుంచి ఒక ఫైలు కాపీ చేస్తే, రెండు గిగాబిట్లు కలిపినా సెకనుకు 110 మెగాబైట్ల దగ్గరే ఆగుతుంది. అది తప్పు కాదు. రెండు మూడు కంప్యూటర్ల నుంచి ఒకేసారి కాపీ పెట్టి, రెండు పోర్టుల లెక్కలూ పెరుగుతున్నాయా చూడండి. అన్నీ ఒకే పోర్టు మీద పడుతుంటే పంపకం లెక్కను మార్చండి. లినక్స్ బాండింగ్ ఊరకే వదిలితే మ్యాక్ చిరునామాలను మాత్రమే చూస్తుంది. వేరే నెట్‌వర్క్ నుంచి రౌటర్ గుండా వచ్చేవారందరికీ తిరుగు దారిలో కనిపించేది రౌటర్ మ్యాక్ ఒక్కటే కాబట్టి, సర్వర్ పంపేదంతా ఒకే కేబుల్ మీద పోతుంది. ‘లేయర్2+3’కి మారిస్తే ఐపీ చిరునామాలు కూడా లెక్కలోకి వస్తాయి. స్విచ్ నుంచి సర్వర్‌కు వచ్చే దిశలో పంపకం స్విచ్ చేతిలో ఉంటుంది. అక్కడ కూడా ఇదే మార్పు చేయాలి.

వారం తర్వాత ఒకసారి తప్పుల లెక్క మళ్లీ చూసి, తేదీతో సహా ఆ కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపలి వైపు అతికించండి. పరీక్షలో తప్పిన పోర్టును స్విచ్‌లో షట్‌డౌన్ చేసి, రంధ్రం మీద ఎర్ర స్టిక్కర్ వేయండి. లేకపోతే మీ తర్వాత వచ్చే కుర్రాడు ఖాళీగా ఉంది కదా అని ముందు దాంట్లోనే కేబుల్ పెడతాడు.